పన్నెండు పీటల ఇంద్రజాలం

కాంచనదుర్గాన్ని ఏలే ప్రచండభాను మహారాజుకు ఆ ఏడు ఎండలు పడలేదు. పేరులో సూర్యుణ్ణి పెట్టుకున్నంత మాత్రాన ఎండ మొహమాటపడుతుందా! నుదుట చిన్న చెమటకాయ లేచింది. ముగ్గురు వైద్యులు, ఇద్దరు జ్యోతిష్కులు, ఒక ఆస్థానకవి కూర్చుని తర్జనభర్జన పడి, అది శత్రురాజుల ఈర్ష్య వల్ల లేచిన కాయ అని తేల్చారు. మందు మాత్రం ఎవరికీ తోచలేదు.

"ప్రభువులు కొన్నాళ్ళు చల్లని చోట విడిది చేస్తే..." అని నసిగాడు మహామంత్రి సుముఖశర్మ.

"అయితే శీకర..." అన్నాడు రాజు.

"చిత్తం!" అంది కొలువంతా. ఎక్కడికో ఎన్నాళ్ళకో వినకుండానే ప్రయాణం ఖాయమైపోయింది.

ఆ కొలువు మర్యాద ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. రాజు మాట పూర్తికాకముందే చిత్తం అనాలి. పూర్తయ్యాక అంటే ఆలోచించి అన్నట్టు లెక్క, ఆలోచించడం అంటే ధిక్కారం. కిందటేడు ఒక పెద్దమనిషి ఊపిరి పీల్చుకుని మరీ చిత్తం అన్నందుకు ఇప్పుడు ఏనుగుల శాలలో చెరకు నరుకుతున్నాడు. అయితే ఈ చిత్తం అనే భాగ్యం కూడా కొలువులో ఆసనం ఉన్నవాళ్ళకే. పల్లకీ మోసే బోయీలు రాజు ముందు నోరు మెదపకూడదు. ఎత్తమంటే ఎత్తాలి, దించమంటే దించాలి, దారిలో "ఓహోం, ఓహోం" అనుకోవాలి. వాళ్ళ నోటికి దేవుడిచ్చిన పని అదొక్కటే.

ఆ బోయీలకు పెద్ద ఓబన్న. నలభై అయిదేళ్ళ మనిషి, కుడి భుజం మీద కాయ కాసి కొబ్బరిచిప్పలా గట్టిపడింది. పదిహేడేళ్ళుగా పల్లకీ మోతకర్రల్లో ముందు దండె అతనిదే. అయిదేళ్ళప్పుడు తల్లిని పోగొట్టుకున్న రాజకుమారుణ్ణి పల్లకీలో ఒంటరిగా కూర్చోబెడితే గుక్కపట్టి ఏడ్చేవాడు. ఓబన్న దండె ఇంకొకడికి అప్పగించి, పిల్లాణ్ణి భుజానికెత్తుకుని నడిచేవాడు. వాడు ఓబన్న చెవి పట్టుకుని నిద్రపోయేవాడు. ఆ పిల్లాడే ఇప్పుడు ఇరవై రెండేళ్ళ మహారాజు. బల్లిని చూస్తే కేకలు పెడతాడు, అద్దం కనిపిస్తే ఆగిపోతాడు, తనే పాటలు కట్టి తనే పాడి ఊళ్ళో కుక్కల్ని ఊళ్ళోంచి తరుముతాడు. అయినా ఓబన్నకు ప్రాణం.

అంతా రత్నాల వర్తకుల వేషాల్లో బయలుదేరారు. రాజును "బావగారూ" అని పిలవాలని మంత్రి మూడు రోజులు అందరిచేతా వల్లె వేయించాడు. ఏం లాభం? "చిత్తం బావగారూ" అనే పిలిచారు.

శీకరపురం! ధూమ్రవేణీ నది కొండకొమ్మున నిలబడి, కింద ఏముందో చూసుకోకుండా నూరు తాటిచెట్ల లోతుకు దూకేచోట వెలసిన పట్టణం. నిత్యం ఆకాశంలో తుంపర, తుంపరలో ఇంద్రధనుస్సు, ఇంద్రధనుస్సు కింద చంద్రకాంత శిలల మేడలు, మేడల గవాక్షాల్లో మరువపు కుండీలు, వీధుల్లో పునుగు జవ్వాది పరిమళాలు. ఇంతటి సౌందర్యం ఎదురుగా ఉంటే విహారానికి వచ్చినవాళ్ళేం చేస్తున్నారంటే, తిరిగి వెళ్ళాక ఊళ్ళో ఏమని చెప్పాలో కూడబలుక్కుంటున్నారు. అడుగడుక్కీ దారి చూపేవాడొకడు కొంగు పట్టుకుంటాడు. "ఈ బండ మీదే బకాసురుడి మేనత్త తల దువ్వుకుంది" అంటాడు ఒకడు. "కాదు, ఆ బండ మీద" అంటాడు ఇంకొకడు. రాజు రెండు బండలకూ నమస్కారం పెట్టాడు. పరివారం నాలుగు బండలకు పెట్టింది.

మూడోనాటి ఉదయం, ఉప్పుడుపిండి వడ్డిస్తూ పూటకూళ్ళమ్మ గొంతు తగ్గించింది. "అయ్యా, బండలు ఎవరైనా చూస్తారు. మా మేడ మీద గదిలో మృదుపాణి అనే ఐంద్రజాలికుడు దిగాడు. పన్నెండు పీటలే వేస్తాడు. వేదిక లేదు, తెర లేదు, మాయ అంతా మీ ఒళ్ళోనే. చూసేవాళ్ళే ఆడాలి, ఆడేవాళ్ళే చూడాలి. గొప్ప గొప్పవాళ్ళకే చోటు దొరుకుతుంది."

గొప్పవాళ్ళకే అన్నాక రాజు ఆగుతాడా!

గది నిజంగానే చిన్నది. తలుపు తీస్తే ఎదుటివాడి మోకాలికి తగులుతుంది. పన్నెండు పనసచెక్క పీటలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మధ్యలో నిలువెత్తు గంధపు పెట్టె. దాని పక్కన మృదుపాణి. మాంత్రికుడంటే జడలు, కపాలం, ఎర్రకళ్ళు ఊహించుకుని వచ్చిన సేనాపతి ఖడ్గతిలకుడు తేలిగ్గా ఊపిరి వదిలాడు. ఈయన నున్నగా గీయించుకున్న గడ్డంతో, మల్లెపూవులాంటి ధోవతితో, పెళ్ళివారికి ఎదురువచ్చిన మేనమామలా నవ్వుతున్నాడు.

"దయచేయండి, దయచేయండి. ఒక పీట ఖాళీగా ఉందే! పన్నెండూ నిండితే గాని నా విద్య పలకదు."

రాజుతో కలిపి వాళ్ళు పదకొండుమంది. రాజుకు ఆత్రం ఆగలేదు. "కింద ఓబన్న ఉన్నాడుగా, వాణ్ణి రమ్మను" అన్నాడు.

రాజు పక్కన బోయీ కూర్చోవడమా! మంత్రి మొహం కందగడ్డ అయింది, కానీ నోరు అప్పటికే చిత్తం అనేసింది. ఓబన్న వచ్చాడు. పీట మీద సగమే కూర్చున్నాడు, మిగతా సగం మర్యాదకు వదిలాడు.

ఆట మొదలైంది. మృదుపాణి మంత్రి వేలి ఉంగరాన్ని ఊదితే మాయమైంది. కవిగారి ఒళ్ళో ఉన్న వెలగపండు పగలగొడితే అందులో దొరికింది. "తమ కత్తి ఒకసారి దూస్తారా?" అని సేనాపతిని అడిగాడు. పదేళ్ళ తర్వాత కత్తి దూయడం, పాపం, సేనాపతికి రెండు చేతులూ పట్టాయి. దూసి చూస్తే చేతిలో మూరెడు పొట్లకాయ! గది గొల్లుమంది. సేనాపతి అందరికన్నా ఎక్కువ నవ్వాడు. అది తేలిగ్గా ఉంది కూడాను.

"ఇంక చివరి వింత" అన్నాడు మృదుపాణి. స్వరం ఇంకా తేనెలా ఉంది. "మీలో ఒకరు ఈ పెట్టెలో నిలబడాలి. వారి చోట నేను కూర్చుంటాను. ఎవరు వస్తారు?"

ఎవరు వస్తారేమిటి, రాజు అప్పటికే పెట్టెలో ఉన్నాడు! "తలుపు వెయ్యి, తలుపు వెయ్యి" అంటున్నాడు.

మృదుపాణి తలుపు వేశాడు. చుట్టూ తిరిగి ఒక్కొక్కరి కళ్ళలోకీ చూశాడు. "పీటల మీది పెద్దలారా, మీ సమ్మతి లేనిదే నా విద్య సాగదు. ఈయన స్థానంలో నేను కూర్చోవడం మీకు..."

"చిత్తం!" అన్నాయి పది నోళ్ళు.

ఇష్టమేనా అని అడగబోతున్నాడో, కష్టమేనా అని అడగబోతున్నాడో ఒక్కడైనా ఆగి వినలేదు. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు, బుర్ర దాకా వెళ్ళి అడిగి వస్తుందా? అనని నోరు ఒక్క ఓబన్నది. అనే అర్హత అతనికి లేదు మరి.

ఫెళ్ళున మెరుపు. గుప్పున గంధపు పొగ. పెట్టె తలుపు తెరుచుకుని ప్రచండభాను మహారాజు నవ్వుతూ బయటికి వచ్చాడు. చేతిలో జానెడు చెక్కబొమ్మ ఉంది. మృదుపాణి జాడ లేదు.

"చూశారా, మాయలవాడు కాస్తా బొమ్మైపోయాడు!" అన్నాడు రాజు. అందరూ చప్పట్లు. "మంత్రిగారూ, మీకు శ్రమ కాకపోతే పల్లకీ సిద్ధం చేయిస్తారా?"

శ్రమ కాకపోతే! మంత్రి చప్పట్లు ఒక్క క్షణం ఆగాయి. రాజు మొహంలోకి తేరిపార చూశాడు. పక్కన సేనాపతీ చూశాడు, కవీ చూశాడు. తర్వాత ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆపైన చప్పట్లు ఇందాకటికంటే జోరుగా మోగాయి.

పల్లకీ కదిలింది. పది అడుగులు వేసేసరికి ఓబన్న భుజానికి తేడా తెలిసిపోయింది.

కళ్ళు మోసపోతాయి, చెవులు మోసపోతాయి. పదిహేడేళ్ళు మోసిన భుజం మోసపోదు. రాజు పొద్దున్న ఎంత తిన్నాడో, దిగులుగా ఉన్నాడో, హుషారుగా ఉన్నాడో దండె దిగిన తీరును బట్టి ఓబన్న చెప్పగలడు. రాజు ఎప్పుడూ ఎడమకు ఒరుగుతాడు, అద్దం అటువైపు ఉంటుంది గనక. మలుపు వస్తే భయంతో రెండు కాళ్ళూ తన్నిపెడతాడు. ఇప్పుడు లోపలున్నవాడు నిటారుగా, మధ్యలో కూర్చున్నాడు. బరువు సగానికి సగం లేదు. మొహం మార్చుకున్నాడు గానీ తూకం మార్చుకోవడం ఆ మాయలవాడికి తోచలేదు.

మిగతా ముగ్గురు బోయీలకూ తెలిసింది. తలలు వంచుకుని నడుస్తున్నారు. తేలికపాటి రాజు దొరికితే ఏ బోయీ ఏడుస్తాడు చెప్పండి!

ధూమ్రవేణి మీద కొయ్య వంతెన వచ్చింది. నడి వంతెన మీద ఓబన్న ఆగాడు. "దించండ్రా" అన్నాడు. దించారు. పదిహేడేళ్ళలో మొదటిసారి రాజు ముందు నోరు విప్పాడు.

"ఈయన మా దొర కాదు."

పరివారం కొయ్యబారిపోయింది. లోపలి రాజుకు మాత్రం కోపం రాలేదు. తెర తొలగించి, మేనమామ నవ్వు నవ్వాడు. నడుములోంచి బొమ్మ తీసి చూపించాడు.

"భలేవాడివి ఓబన్నా! చూసేవాళ్ళు కూడా ఆడాలన్నదే నా ఆట నియమం. ఇదిగో, పలకరించు."

బొమ్మలోంచి దోమ రొదలాంటి గొంతు వచ్చింది. "ఓబన్నా! నేనురా! నా కాళ్ళు కదలట్లేదురా!"

ఓబన్న కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అయిదేళ్ళ పిల్లాడప్పటి ఏడుపే ఆ గొంతులో.

మాంత్రికులకు ఒక జబ్బుంది. రహస్యం కడుపులో దాగదు, ఎవరో ఒకరికి చెప్పుకుంటే గాని నిద్రపట్టదు. మృదుపాణికీ ఆ జబ్బే. "పది సమ్మతులు వచ్చాయి. పెట్టెలోకి నడిచి వచ్చినవాడిది పదకొండోది. నీది ఒక్కటే తక్కువైంది, అందుకే వీడింకా మాట్లాడుతున్నాడు. నువ్వు ఒక్క చిత్తం అన్నావా, శాశ్వతంగా చెక్క. లేదా నీ పీట ఖాళీ కావాలి, నువ్వు చచ్చినా పని జరిగినట్టే. ఈ కట్టు విప్పగలిగింది ఈ విద్య నేర్పిన మా గురువమ్మ ఒక్కతే. ఆవిడ ఈ జలపాతం అడుగున పొగమంచు లోయలో ఉంటుంది. అక్కడికి దిగినవాడు ఇంతవరకు లేడులే" అన్నాడు.

మంత్రి ఓబన్నను చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"ఒరేయ్, నీకొక్కడికే తెలిసిందనుకుంటున్నావా? నాకు గదిలోనే తెలిసింది. 'శ్రమ కాకపోతే' అన్నాడురా! నా తల నెరిసిపోయాక ఒక రాజు నోట ఆ మాట మొదటిసారి విన్నాను. సేనాపతికీ తెలుసు, కవికీ తెలుసు. ఈయన పాటలు పాడడట, కనుక్కున్నాను. సంతకాలు అవే, కిరీటం అదే. మనం అనాల్సిన మాటా అదే. ఎవరైతే ఏమిట్రా? ఒక్క మాట అను. నీకు కొలువులో ఆసనం వేయిస్తాను. నిన్నే నలుగురు మోస్తారు."

"మరి మా దొర, అయ్యా?"

"వెధవ కదరా!"

"వెధవే" అన్నాడు ఓబన్న. "నా భుజం మీద పెరిగిన వెధవ. మీరంతా వాణ్ణి అలా చేశారు. ఏ పూటా ఒక్కరూ వద్దు బాబూ అనలేదు."

మంత్రికి ఈ మాట బొత్తిగా అర్థం కాలేదు. వద్దు అనే పదం ఆయన వినీ చాలాకాలమైంది.

"ఏమంటావు ఓబన్నా?" అని పల్లకీలోంచి తేనె గొంతు. "ఈయన స్థానంలో నేను కూర్చోవడం నీకు సమ్మతమేనా?"

అందరూ ఓబన్న నోటి వంకే చూస్తున్నారు. ఓబన్న వంగి దండె కింద భుజం పెట్టాడు. గొంతెత్తి, కొండలు మారుమోగేలా అరిచాడు.

"ఓహోం!"

ఆ కేక వింటే బోయీ భుజం ఆలోచించదు, ఎత్తుతుంది. కొలువుకు చిత్తం ఎలాగో వీళ్ళకిది అలాగ. ముగ్గురూ ఒక్క ఊపున పల్లకీ ఎత్తారు. ఓబన్న మాత్రం తన దండె వదిలేసి చప్పున పక్కకు తప్పుకున్నాడు.

పల్లకీ ముందు మూలకు ఒరిగిపోయింది. కొత్త రాజు బంతిలా దొర్లి సేనాపతి మీద పడ్డాడు. బొమ్మ గాల్లోకి ఎగిరింది. ఓబన్న ఒక్క గెంతులో దాన్ని అందుకుని తలపాగాలో దోపుకున్నాడు. "పట్టుకోండి!" అని మంత్రి కేక. సేనాపతి వీరావేశంతో ఒరలోంచి పొట్లకాయ దూశాడు. బోయీలు బెదిరి చేతులు వదిలేశారు. పల్లకీ వంతెన అంచు మీద ఊగి ఊగి, దభేలుమని నదిలో పడింది. పడి మునగలేదు, పడవలా తేలింది.

ఓబన్న దాని వెనకే దూకాడు.

నీళ్ళు మంచులా కొరికాయి. ఈదుకుంటూ పోయి, దండె పట్టుకుని, లోపలికి ఎగబాకాడు. పట్టు పరుపు మీద కూలబడ్డాడు. పదిహేడేళ్ళు మోసిన పల్లకీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఇంత ఇరుగ్గా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

వంతెన మీంచి పరివారంలోని భటుల బాణాలు జుయ్యిమని వచ్చాయి. రెండు పైకప్పులో దిగాయి, ఒకటి అద్దాన్ని పగలగొట్టింది. తలపాగాలోంచి "అయ్యో నా అద్దం!" అని రొద వినిపించింది. అంతలో మృదుపాణి చేతులెత్తి ఏదో గొణిగాడు. ఒడ్డున పడి ఉన్న దుంగలన్నీ ఒళ్ళు విరుచుకుని మొసళ్ళై నీళ్ళలోకి జారాయి. నోళ్ళు తెరిచి, పళ్ళు టకటకలాడిస్తూ పల్లకీని చుట్టుముట్టాయి. ఒకటి అంచు మీదికి ముందుకాళ్ళు వేసింది.

 కానీ పల్లకీ ఒరగలేదు. గోరంత కూడా ఒరగలేదు.

"బరువు లేదు! బరువు లేనిది మొసలెలా అవుతుంది?" అని కదలకుండా కూర్చున్నాడు. మొసలి అతని మోకాలు కొరికింది. గాలి తగిలినట్టుంది, అంతే. రెండోది కొరికింది, మూడోది కొరికింది. ఓబన్నకు ధైర్యం వచ్చి నవ్వాడు కూడా. నాలుగోది కాళ్ళు వేయగానే పల్లకీ భళ్ళున పక్కకు ఒరిగింది.

"బాబోయ్, ఇది అసలుదే!"

నీళ్ళలో పడ్డప్పుడు విరిగిన దండె ముక్క లాక్కుని, దాని ముక్కు మీద శక్తికొద్దీ మొత్తాడు. మొసలి గింగిరాలు తిరిగింది, తోక ఒక్కటి విసిరి నీళ్ళలోకి పోయింది. ఆ తోక దెబ్బకు పల్లకీ మొసళ్ళ మధ్యలోంచి బయటపడి, నది నడిమధ్య పాయలోకి దూసుకుపోయింది. వంతెన చిన్నదైపోయింది. దాని మీద మనుషులు చీమల్లా బారులు తీరి ఉన్నారు. గాలివాటున ఒక్క మాట ఇక్కడిదాకా వచ్చింది, అందరూ కలిసి అన్నది. ఏమన్నారో చెప్పనక్కర్లేదు.

ఓబన్న తలపాగా విప్పి బొమ్మను ఒళ్ళో పెట్టుకున్నాడు. తడిసిన మొహం కొంగుతో తుడిచాడు.

"చలేస్తోందిరా" అంది బొమ్మ.

"కాసేపు ఓర్చుకో దొరా. లోయలో గురువమ్మ కాళ్ళ మీద పడదాం."

 తర్వాత ఆ చిన్న గొంతు మళ్ళీ లేచింది, ఈసారి కొంచెం రాజసంగా. "మంత్రి ఎంత అల్లాడిపోతున్నాడో పాపం! సేనాపతికి ముద్ద దిగదు. చిన్నప్పటినుంచీ నా వెంట ఉన్నవాళ్ళు. ఆ దొంగ వేషం చూసి మోసపోయారు గానీ, వాడు నేను కాదని తెలిసుంటే ప్రాణాలు ఇచ్చేవాళ్ళు. ఒక్కరైనా, ఒక్కరైనా నన్ను గుర్తుపట్టారా ఓబన్నా?"

 రాజుకు తీపి మాట ఎలా చెప్పాలో కొలువులో ఆసనం ఉన్నవాళ్ళకు తెలుసు, బోయీలకు ఎవరూ నేర్పలేదు. ముందు నది ఒక అంచు దగ్గర ఉన్నట్టుండి తెగిపోయి ఉంది. ఆ అంచు అవతల ఆకాశం, తెల్లటి పొగ, చెవులు గింగురుమనే హోరు.

అతను బొమ్మను రెండు చేతులా గుండెకు అదుముకున్నాడు.

"అందరూ గుర్తుపట్టారు దొరా" అన్నాడు.

పల్లకీ అంచు దాటింది.